కోరింత దగ్గుకు రాపిడ్ టెస్ట్: పట్టీ కన్నా లాంప్ ఎందుకు మేలు?

నల్గొండ జిల్లా పీహెచ్‌సీల్లో గంటలోపు ఫలితం ఇచ్చే కోరింత దగ్గు పరీక్షను, కొవిడ్ కిట్ లాంటి పట్టీ రూపంలో, ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు, కానీ పట్టీ జోలికి పోకండి. లాంప్ (ఒకే వేడిలో ఉంచి బాక్టీరియా డీఎన్ఏను కోట్ల కాపీలుగా పెంచి, రంగు మార్పుతో చూపే పరీక్ష) ఎంచుకోండి.

వేలి రక్తంలో యాంటీబాడీ చూసే పట్టీ తయారీకి తేలికే. అయితే యాంటీబాడీ పెరిగేసరికి దగ్గు మొదలై రెండు వారాలు దాటుతుంది. పైగా పిల్లలకు 6, 10, 14 వారాలకు కోరింత దగ్గు టీకా కూడా కలిసి ఉండే పెంటావాలెంట్ వేస్తారు; కనిపించిన యాంటీబాడీ టీకాదో జబ్బుదో పట్టీకి తెలియదు. ప్రాణం మీదికి వచ్చేది నెలల పసికందులకు, ఈ పట్టీ అక్కరకు రానిదీ వాళ్లకే. యాంటిజెన్ పట్టీకి, అంటే నేరుగా బాక్టీరియా ప్రొటీన్‌ని పట్టే పట్టీకి, చక్కగా జత కుదిరే మోనోక్లోనల్ (ఒకే రకం) యాంటీబాడీలు కావాలి, ప్రాజెక్టు గడువులో అది తెమలదు.

లాంప్‌లో వెతికే టార్గెట్‌గా అందరూ ఐఎస్481 అనే డీఎన్ఏ ముక్కనే పట్టుకుంటారు. ఒక్కో కోరింత దగ్గు బాక్టీరియాలో 50కి పైగా కాపీలుంటాయి కాబట్టి ఇట్టే దొరుకుతుంది. చిక్కు కూడా అక్కడే. దాని చుట్టం బోర్డెటెల్లా హోమ్సియై అనే మరో బాక్టీరియాలోనూ అది ఉంటుంది. అందుకని ఐఎస్481 పాజిటివ్ వస్తే, ఒకే కాపీ ఉండే పెర్టసిస్ టాక్సిన్ (కోరింత దగ్గు విషం) జన్యువు ప్రమోటర్‌తో రెండో ట్యూబులో ఖాయం చేసుకోవాలి. ఇంకొకటి, మన పెంటావాలెంట్, డీపీటీల్లో ఉండేది చంపిన పూర్తి బాక్టీరియా, దాని డీఎన్ఏతో సహా. బుధ, శనివారాల్లో టీకాలు వేసే బల్ల దగ్గరే స్వాబ్ తీస్తే, చేతికంటిన టీకా చుక్క చాలు తప్పుడు పాజిటివ్‌కి. గది మార్చండి, గ్లౌజులు మార్చండి.

25 మైక్రోలీటర్ల లాంప్ రియాక్షన్‌కి ప్రైమర్లు (టార్గెట్‌కు అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు): ఎఫ్‌ఐపీ, బీఐపీ 1.6 మైక్రోమోలార్ చొప్పున, ఎఫ్3, బీ3 0.2, లూప్ ప్రైమర్లు 0.4. వీటికి తోడు డీఎన్‌టీపీలు (డీఎన్ఏ కట్టే ముడిసరుకు) ఒక్కోటి 1.4 మిల్లీమోలార్, మెగ్నీషియం 8 మిల్లీమోలార్, డీఎన్ఏను పెంచే ఎంజైమ్ బీఎస్‌టీ పాలిమరేజ్ 8 యూనిట్లు. 65 డిగ్రీల్లో 35 నిమిషాలు, తర్వాత 80 డిగ్రీల్లో 5 నిమిషాలు. ఇంకాసేపు ఉంచితే మంచిదేమో అనిపిస్తుంది, ఉంచకండి. గంట దగ్గరికి వచ్చేసరికి ప్రైమర్లు వాటిలో అవే అతుక్కుని నమూనా బదులు నీళ్లు పోసిన కంట్రోల్ ట్యూబు కూడా రంగు మారుతుంది. అయిపోయిన ట్యూబు మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు. ఒక్కసారి తీస్తే ఆ గదిలో నెలల తరబడి అన్నీ పాజిటివ్‌లే.

రంగుకి ఫినాల్ రెడ్ కన్నా హైడ్రాక్సీ నాఫ్తాల్ బ్లూ, 120 మైక్రోమోలార్, నయం. ఫినాల్ రెడ్‌ది ఆమ్లం చూసి మారే రంగు. వీటీఎంలో (స్వాబ్‌ను ముంచి పంపే ద్రవంలో) ఆమ్లాన్ని అణిచే బఫర్ ఉంటే పాజిటివ్ కూడా గులాబీగానే ఉండిపోతుంది. డ్రై ఐస్‌లో పార్సిల్ వస్తే కార్బన్ డయాక్సైడ్‌కే పసుపెక్కి, పరీక్ష మొదలవకముందే ఫలితం చెప్పేస్తుంది!

నల్గొండ మే నెల ఎండకీ కరెంటు కోతలకీ మైనస్ 20 ఫ్రీజర్‌ని నమ్ముకోలేం. రియాక్షన్ మిశ్రమానికి ట్రెహలోజ్ అనే చక్కెర కలిపి ఫ్రీజ్ డ్రై చేయాలి. దానికి గ్లిసరాల్ లేని ఎంజైమే అడిగి తెప్పించుకోండి, గ్లిసరాల్ ఉంటే ఆరదు. ప్యాకెట్లో సిలికా జెల్ తప్పనిసరి.

ఇంత చేసినా ఎక్కువ తప్పులు జరిగేది స్వాబ్ దగ్గరే. గొంతులోంచో ముక్కు అంచు నుంచో తీస్తే లాభం లేదు, ముక్కు వెనక గోడ దాకా పోవాలి. నైలాన్ ఫ్లాక్డ్ స్వాబ్ వాడండి. కాల్షియం ఆల్జినేట్ డీఎన్ఏ పరీక్షను అడ్డుకుంటుంది. దగ్గు మొదలైన మూడు వారాల లోపు, వీలైతే అజిత్రోమైసిన్ మొదలుపెట్టకముందు తీయాలి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇప్పటికే కోర్సు వాడిన పిల్లల్లో నెగటివ్ వస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ వివరం ఫారంలో ఒక గడిగా పెట్టండి. స్వాబ్ సరిగ్గా పడిందో లేదో తెలియడానికి మనిషి జన్యువుకు ఒక కంట్రోల్ ట్యూబు ఉండాలి. అనుమానం బలంగా ఉన్న పసిబిడ్డకు మాత్రం ఏ పరీక్ష కోసమూ మందు ఆపకూడదు.

పాజిటివ్ కంట్రోల్‌కి సింథటిక్ డీఎన్ఏ కొనండి, బాక్టీరియాను పెంచక్కర్లేదు. దాన్ని పలచన చేస్తూ పోయి, 20 ట్యూబుల్లో 19 పాజిటివ్ వచ్చే అతి తక్కువ మోతాదే మీ పరీక్ష హద్దు. రోగుల నమూనాలు ముట్టుకునే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి.