గోరంత స్టేట్‌కి అంత బిల్డప్ ఎందుకు?

ప్రశ్న: అన్నా, మా తమ్ముడి కొడుకు బోస్టన్‌లో ఉంటాడు. ప్రెసిడెంట్ ఎవరో న్యూ హాంప్‌షైర్‌లోనే తేలిపోద్ది పెదనాన్నా అంటాడు. మ్యాప్‌లో చూస్తే గోరంత ఉంది, నిజమేనా?
- ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీవాడు కొంచెం ఎక్కువే చెప్పినాడు సామీ. ఆడ తేలేది ప్రెసిడెంట్ కాదు, టికెట్ రేసులో ఎవరు నిలబడతారనేది. మనకాడ బీ ఫారం హైకమాండ్ ఇస్తాది, టికెట్ కావాలంటే విజయవాడ చుట్టూ తిరగాల్సిందే, అమెరికాలో అయితే పార్టీ తరఫున ఎవర్ని నిలబెట్టాలో జనమే ఓటేసి చెప్తారు, దాన్నే ప్రైమరీ అంటారు.

న్యూ హాంప్‌షైర్ జనాభా సుమారు 14 లక్షలు, మన తిరుపతి జిల్లా కంటే తక్కువే. ఫస్ట్ ప్రైమరీ 1916లో పెట్టినారు, అదీ మార్చిలో ఊరి మీటింగ్ జరిగే రోజే, ఎందుకంటే రెండు సార్లు హాల్ వెచ్చబెట్టే ఖర్చు దండగని (పిసినారితనం కూడా ఒక్కోసారి కలిసొస్తాది చూడండి), 1920 నుంచి దేశంలో అందరికంటే ముందు వీళ్ళదే. 1975లో ఏకంగా చట్టమే చేసుకున్నారు, ఇంకే స్టేట్ ప్రైమరీ పెట్టినా మాది కనీసం 7 రోజులు ముందుండాల్సిందే అని.

అసలు పవర్ ఓట్లలో లేదు, ముందు రావడంలో ఉంది. 1952లో ప్రెసిడెంట్ కుర్చీలో ఉన్న ట్రూమన్ ఇక్కడ సొంత పార్టీ సెనేటర్ కెఫావర్ చేతిలో ఓడిపోయి ఆ నెలాఖరుకే నేను నిలబడను అనేసినాడు. 1968 కథ ఇంకా వింత, అప్పటి ప్రెసిడెంట్ జాన్సన్ గెలిచినాడు కానీ వియత్నాం యుద్ధం వద్దన్న సొంత పార్టీ సెనేటర్ మెకార్తీకి 42 శాతం దాకా పడేసరికి పరువు పోయింది, మార్చి 31న టీవీలో కూర్చొని నాకొద్దు అని చెప్పేసినాడు. గెలిచి ఇంటికి పోవడం మనోళ్ళకి అర్థం కాదులే.

2024లో డెమోక్రాట్లు సౌత్ కరోలినాని ముందుకి జరిపినారు, వీళ్ళు వింటారా, జనవరి 23నే పెట్టేసినారు. అందుకే బ్యాలెట్‌లో బైడెన్ పేరే లేదు, జనాలు పెన్నుతో రాసి మరీ గెలిపించినారు.

అక్కడే డిక్స్‌విల్ నాచ్ అని ఒక చిన్న ఊరుంది, అర్ధరాత్రి 12 కొట్టంగానే ఓట్లేసి అప్పుడే లెక్కబెట్టేస్తారు, 1960 నుంచి ఇదే అలవాటు. 2024లో మొత్తం ఓట్లు ఆరు, ఆరూ రిపబ్లికన్ టికెట్‌కి ట్రంప్‌తో పోటీ పడిన నిక్కీ హేలీకే పడినాయి, టీవీలన్నీ అదే చూపించినాయి, ఆ రాత్రికి లెక్క తేలేసరికి స్టేట్ మాత్రం ట్రంప్ కొట్టేసినాడు.