నీళ్లు తేటగా ఉన్నా చేప డల్‌గా ఎందుకుంది?

ప్రశ్న: మాది అనంతపురం. 40 లీటర్ల ట్యాంకులో మూడు పీ పఫర్లు (బఠానీ గింజంత చిన్న మంచినీటి చేపలు) ఉన్నాయి. వాడేది బోరు నీళ్లే. పోయిన ఆదివారం ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద బాగా కడిగాం. అప్పట్నుంచి చేపలు అడుగునే ఉంటున్నాయి, తిండి ముట్టడం లేదు. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి.

జవాబు: తేట చూసి నమ్మకండి, చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం అమ్మోనియా కంటికి కనబడదు. దాన్ని విరిచే బ్యాక్టీరియా ఎక్కువగా స్పాంజిలోనే ఉంటుంది. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది, గట్టిగా పిండినా చాలావరకు కొట్టుకుపోతుంది. పైగా మన బోరు నీళ్లకు సాధారణంగా పీహెచ్ (క్షార గుణం) ఎక్కువ. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా విషం ముదురుతుంది. ఎండాకాలం మరీ జాగ్రత్త.

చుక్కల టెస్ట్ కిట్‌తో ఈరోజే చూడండి. అమ్మోనియా, అది విరిగితే వచ్చే మరో విషం నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. 0.25 పీపీఎం (పది లక్షల్లో పావు వంతు) దాటితే 15–20 లీటర్లు తీసి, రాత్రంతా ఎయిర్ పంపు పెట్టిన బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లంత వేడిలో, నిదానంగా పోయండి. మున్సిపల్ నీళ్లయితే డీక్లోరినేటర్ (క్లోరిన్ తీసేసే ద్రావణం) తప్పనిసరి. రీడింగ్ సున్నాకొచ్చే దాకా రోజూ ఇదే పని. మొత్తం నీళ్లు ఒకేసారి మార్చొద్దు. మందులు అసలు వద్దు: పఫర్‌కు పొలుసులుండవు, తట్టుకోలేదు.

ఇకపై స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండండి. పఫర్ తిండిని కొరికి చిందరవందర చేస్తుంది. మిగిలిన బ్లడ్‌వార్మ్‌లను (చేపలకు వేసే ఎర్ర పురుగులను) పావుగంటలో డ్రాపర్‌తో లాగేయండి. వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చి, నైట్రైట్ మారగా చివరికి మిగిలే నైట్రేట్‌ను 20 పీపీఎం లోపు ఉంచండి.