పదిహేడేళ్ల తర్వాత వచ్చిన ఆ ఆల్బమ్‌ను కూర్చుని వినకండి

ప్రశ్న: జర్మనీ ఎలక్ట్రానిక్ సంగీత బృందం క్రాఫ్ట్‌వెర్క్ 17 ఏళ్ల తర్వాత 2003లో తెచ్చిన ‘టూర్ డి ఫ్రాన్స్ సౌండ్‌ట్రాక్స్’ను కొందరు మెచ్చుకున్నారు, కొందరు పెదవి విరిచారు. అది నిజంగా అంత నిరాశపరిచే ఆల్బమేనా?

పెదవి విరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. రెండు వారాల పాటు.

అప్పట్లో నెల్లూరులో ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడిని. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిని మావాడని చెప్పుకునే ఊరు మాది. ఇక్కడ పాటంటే గొంతు. మిగతాదంతా గాయకుడు మైకు సర్దుకునేదాకా కాలక్షేపానికి వాయించే చప్పుడు. అలాంటి ఊళ్లో నాకు ఈ క్రాఫ్ట్‌వెర్క్ వాళ్ల, జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ ఊరి మనుషుల పిచ్చి పట్టడానికి కారణం మద్రాసు బర్మా బజారు. కీబోర్డు అడాప్టర్ కోసం వెళ్తే అక్కడొక కుర్రాడు వాళ్ల 1981 నాటి ‘కంప్యూటర్ వరల్డ్’ క్యాసెట్టు అంటగట్టాడు. ఇంటికొచ్చి విన్నాక అడాప్టర్ సంగతే మరిచిపోయాను.

ఆ తర్వాత ఎదురుచూపులే. 1986లో ‘ఎలెక్ట్రిక్ కఫే’ వచ్చింది. 1991లో పాత పాటలనే మళ్లీ కొత్తగా చేసి ఇచ్చారు, పాత చీరకు కొత్త అంచు కుట్టినట్టు. 2003లో వచ్చిన దాని ముహూర్తం కూడా తప్పింది. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందేనికి నూరేళ్ల పండుగ అది. పందెం జులైలో ముగిసింది, ఆల్బమ్ ఆగస్టులో వచ్చింది. పెళ్లయ్యాక సన్నాయి వచ్చినట్టన్నమాట. అయినా సొంత దేశంలో అమ్మకాల్లో మొదటి స్థానానికి వెళ్లింది. జర్మనీలో వాళ్లకు ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి.

చెన్నైలో ఉండే మిత్రుడు నా కోసం దాన్ని 60 నిమిషాల క్యాసెట్టులోకి ఎక్కించి పంపాడు. ముందు గదిలో కుర్చీ వేసుకుని విన్నాను. నాతో పాటు విన్న మా తబలా ఆయన పది నిమిషాలకే లేచాడు. “ట్యూబులైటు స్టార్టరు కొట్టుకుంటున్నట్టుంది. దీనికోసమా పదిహేడేళ్లు?” అన్నాడు. కాదనలేకపోయాను. విమర్శకులు రాసినదీ దాదాపు అదే. వీళ్ల పాటలు విని నేర్చుకుని అమెరికాలోని డెట్రాయిట్‌లో టెక్నో అనే ఎలక్ట్రానిక్ డ్యాన్సు సంగీతం చేసిన కుర్రాళ్లు ఎప్పుడో ముందుకు వెళ్లిపోతే గురువులు ఇప్పుడు శిష్యుల వెనక నడుస్తున్నారని, ఆల్బమ్ పేరున్న పాటే 1983 నాటిదని. అబద్ధమేమీ లేదు. కానీ ఆ రాసినవాళ్లంతా కుర్చీల్లో కూర్చునే విని ఉంటారని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే, ఒకరోజు మా బావ రొయ్యల చెరువు దగ్గరికి అర్జెంటుగా డబ్బు తీసుకెళ్లాల్సి వచ్చింది. స్కూటరు స్టార్టు కాలేదు. పక్కింటివాళ్ల సైకిలు అడిగి, వాక్‌మన్ చొక్కా జేబులో వేసుకుని, సాయంత్రం నాలుగింటికి మైపాడు గేటు దగ్గర బయలుదేరాను. ఆ వేళకు సముద్రపు గాలి ఎదురుకొడుతుంది. తొక్కిన ప్రతి గజమూ కష్టార్జితమే. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ రోడ్డు మీద సైకిలు తొక్కడం బుద్ధిలేని పని, ఒప్పుకుంటున్నాను. వెనక బస్సు హారను కూడా నాకు పాటలో భాగమే అనిపించింది.

గదిలో చప్పగా ఉన్న ఆ తాళం పెడలు మీద కాలికి అతుక్కుపోయింది. ఒక పాటలో పొటాషియం, కాల్షియం, ఇనుము అంటూ ఖనిజాల పేర్లు చదువుతారు. గదిలో అది తమాషా. ఎదురుగాలిలో ఆయాసపడుతుంటే అది నా శరీరం రాయించుకున్న చీటీ. ‘ఏరో డైనమిక్’ అనే పాట సగంలో ఉండగా క్యాసెట్టు మొదటి వైపు అయిపోయింది. కల్వర్టు మీద కాలు ఆనించి క్యాసెట్టు తిప్పాను.

ఇందుకూరుపేట దగ్గరపడుతుండగా గుండె చప్పుడు మీద కట్టిన పాట మొదలైంది. డబ్ డబ్, మధ్యలో ఊపిరి. నేనూ అదే వేగంతో తొక్కుతున్నాను. రోడ్డు పక్క చెరువుల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ ఇంకో తాళం వేస్తున్నాయి. ఉన్నట్టుండి గుండె చప్పుడు నెమ్మదించింది. కాళ్లు నీరసించాయనుకుని ఇంకా బలంగా తొక్కాను. అది ఇంకా నెమ్మదించింది. గొంతు బరువెక్కి, బావిలోంచి వచ్చినట్టు అయింది. నాకు నిజంగానే చెమటలు పట్టాయి. సైకిలు ఆపి ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాక అర్థమైంది, పెన్సిల్ సెల్లులు అయిపోయాయని.

నవ్వుకోండి. కానీ కూర్చుని విన్న పాట మనిషిని అలా భయపెట్టగలదా? ఈ బృందాన్ని నడిపే రాల్ఫ్ హ్యూటర్‌కు సైకిలంటే ప్రాణం. 1980లలో సైకిలు మీద నుంచి పడి తలకు పెద్ద దెబ్బే తగిలించుకున్నాడు. అలాంటి మనిషి చేసిన సంగీతాన్ని కుర్చీలో కూర్చుని తూకం వేయడం, ఈత పుస్తకాన్ని గట్టు మీద చదివి బాగోలేదనడం లాంటిది.

ఇప్పుడైతే ఆ బాధ కూడా లేదు. జనం ఫోను స్పీకరులో వింటున్నారు. అందులో మంద్రం వినపడనే వినపడదు, ఈ సంగీతంలో సగం మంద్రమే. ఊరేగింపులకేమో లారీ నిండా స్పీకరు డబ్బాలు కట్టి కిటికీ అద్దాలు అదిరేలా వాయిస్తారు. అక్కడ మంద్రం తప్ప ఇంకేమీ ఉండదు. మా ఆర్కెస్ట్రా మూతపడింది ఆ డబ్బాల వల్లే. ఎలక్ట్రానిక్ సంగీతాన్ని ప్రేమించినవాడి పొట్ట కొట్టిందీ ఎలక్ట్రానిక్ సంగీతమే. అది వేరే ప్రశ్నకు జవాబు.

ఆ రోజు బావ దగ్గరికి చేరేసరికి చీకటి పడింది. టార్చిలైటులో వేయడానికి కొన్న సెల్లులేవో ఉంటే తీసి ఇచ్చాడు, సైజు సరిపోలేదు. ఖనిజాల పాట గురించి చెబితే, “ఇదిగో, మన మినరల్ మిక్సు సంచి మీదా అదే రాసుంది, ఇది చదువుకో” అన్నాడు. క్యాసెట్టు అక్కడే మరిచిపోయాను. నెల తర్వాత తిరిగొచ్చింది. ఒకవైపు అలాగే ఉంది. రెండోవైపు కాపలా ఆయన భజన కీర్తనలు ఎక్కించుకున్నాడు. ‘ఏరో డైనమిక్’ సగంలో ఆగుతుంది, తిప్పితే హార్మోనియం మొదలవుతుంది. ఇప్పటికీ నా దగ్గరున్నది ఆ క్యాసెట్టే.