పల్లె పేదరికం, వ్యసనం మధ్య పెరిగిన పిల్లవాడి కథల్లో మిమ్మల్ని బాగా కదిలించిన నవల ఏది?

నా వరకు అది బార్బరా కింగ్‌సాల్వర్ 2022లో వెలువరించిన ‘డెమన్ కాపర్‌హెడ్’. మరుసటి ఏడాది మరో నవలతో కలిసి పులిట్జర్ బహుమతి పొందింది. ఆంగ్ల రచయిత డికెన్స్ ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ నవలను అమెరికాలోని వర్జీనియా కొండల్లో ఉన్న లీ కౌంటీకి తెచ్చి తిరగరాసిన కథ ఇది. డికెన్స్‌ను చదవనివారికీ ఏ లోటూ ఉండదు.

కథానాయకుడు డెమన్ పుట్టకముందే తండ్రి పోతాడు. మత్తుకు బానిసైన తల్లి వాడిని చూసుకోలేక, ఆపై చనిపోవడంతో, వాడిని సర్కారు ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారుస్తుంది. పోషణకు వచ్చే డబ్బు కోసం చేర్చుకున్న ముసలి రైతు వాడి చేత పొగాకు చేలో చాకిరీ చేయిస్తాడు. తర్వాతి ఇంటివారు కుక్క పడుకునే గదిలో చోటిచ్చి, ఒక కొట్టు వెనక చెత్త వేరుచేసే పనికి పంపుతారు. ఎక్కడున్నా ఆకలి వాడిని వదలదు.

పెద్దయ్యాక ఫుట్‌బాల్‌లో మోకాలు దెబ్బతింటే, డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్రలతోనే వాడి వ్యసనం మొదలవుతుంది. నవలకు ప్రాణం అక్కడే ఉందని నా అభిప్రాయం. ఆక్సీకాంటిన్ అనే ఆ మందు 1996లో బజారులోకి వచ్చింది. అలవాటు పడే ప్రమాదం గురించి తప్పుదోవ పట్టించినట్లు తయారీ కంపెనీ 2007లో వర్జీనియాలోని కోర్టులోనే నేరం ఒప్పుకుంది. ఈ సంగతి తెలిసి చదివితే, పిల్లవాడి బుద్ధిని తప్పుపట్టడానికి మనసొప్పదు.

హైదరాబాదులో కూర్చుని ఆ పుటలు చదువుతుంటే నిజామాబాద్ వైపు ఉండే మా చిన్నాయన గుర్తుకొచ్చారు. కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపాం వంటి అలవాటు పడే నిద్రమందులు కలపడం తెలంగాణలో పాత జాడ్యమే. 2015లో కల్తీపై దాడులు పెరిగి, అలవాటైన సీసా ఒక్కసారిగా దొరకకుండా పోయేసరికి, ఆయన చేతులు వణుకుతూ, నిద్ర లేక, గోడ మీద లేని పురుగులను దులుపుతుండగా ఎర్రగడ్డ ఆసుపత్రికి తీసుకొచ్చాం. ఊరు ఆయనకు పెట్టిన పేరు మాత్రం తాగుబోతు. డాక్టరు చీటీ లేనిదే మందుల షాపువాడు ఇవ్వకూడని మాత్ర, ఆయనకు కల్లు సీసాలో చేరింది.

నవలలో లోపాలు లేవనను. రెండవ సగంలో చావులు వరుసకట్టి వస్తాయి, కొన్ని పాత్రలు డికెన్స్ లెక్క సరిపోవడానికే ఉన్నట్లు తోస్తాయి. భాష కూడా ఆ కొండప్రాంతపు కుర్రవాడి యాస కాబట్టి మొదట్లో తడబడతారు. తొలి అధ్యాయాలను పైకి చదువుకుంటే వాడి వెటకారం త్వరగా పట్టుబడుతుంది.