డిస్కులు మిగిలాయి, ప్లేస్టేషన్ పోయింది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పాత గేముల గురించే. దసరా సెలవులకి అందరూ అటకలు దులిపినట్టున్నారు.

ప్రశ్న: అన్నా, మాది గుణుపురం. మా అన్నయ్య ఆడుకున్న మొదటి ప్లేస్టేషన్ ఎప్పుడో పాడైపోయింది, డిస్కులు మాత్రం ఏడు ఉన్నాయి. ఒక డిస్కులోని ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాను. కొన్ని కాపీ అవుతూ మధ్యలో ఎర్రర్ ఇచ్చాయి. ఆ ఫోల్డర్‌ని ఎమ్యులేటర్‌కి చూపిస్తే ఏమీ రావట్లేదు. డిస్కులు పోయినట్టేనా?

జవాబు: పోలేదు తమ్ముడూ, కంగారు పడకు. నౌపడ నుంచి మీ ఊరికి ఒకప్పుడు నడిచిన చిన్న రైలు గురించి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. ఇప్పుడున్నది బ్రాడ్‌గేజ్. ఆ పాత బోగీని తెచ్చి ఈ పట్టాల మధ్య పెడితే కూలబడుతుంది తప్ప కదలదు. గేమూ అంతే. 1994లో జపాన్‌లో విడుదలైన ఆ ప్లేస్టేషన్ ప్రాసెసర్‌కి అర్థమయ్యే భాషలో రాసింది, నీ ల్యాప్‌టాప్‌కి ఆ భాష రాదు. ఎమ్యులేటర్ చేసేదల్లా నీ కంప్యూటర్ లోపల ఆ చిన్న పట్టాలు మళ్లీ వేయడమే. పట్టాలు వేశాక వాటి మీదికి బోగీ మొత్తం రావాలి కదా, నువ్వు తెచ్చిందేమో ఊడదీసిన చెక్కలు.

అంటే, డిస్కులోంచి ఫైళ్లు లాగడం కాదు, డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఇమేజ్‌గా దింపాలి. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారు (డిస్కు మీద డేటా రాసే చిన్న ముక్క) నుంచి విండోస్ 2,048 బైట్లు చదువుతుంది. ప్లేస్టేషన్ డిస్కులో వీడియోలు, మాటలు ఉన్నచోట సెక్టార్ల కట్టుబడి వేరు, కొన్ని గేముల్లో సంగీతం ఆడియో సీడీలో ఉన్నట్టు విడి ట్రాకులుగా ఉంటుంది, వీటిని విండోస్ మామూలు ఫైళ్లలా సరిగ్గా కాపీ చేయలేదు. నీకు మధ్యలో వచ్చిన ఎర్రర్లు చాలావరకు దీనివల్లే. ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రాంలో డిస్కు నుంచి ఇమేజ్ తయారుచేసే ఆప్షన్ ఉంది, అది సెక్టారుకి 2,352 బైట్లూ వదలకుండా దింపి బిన్, క్యూ అని రెండు ఫైళ్లు ఇస్తుంది. నీ ల్యాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీకి తగిలించేది కొనుక్కో, గీతలు పడ్డ డిస్కుని తక్కువ స్పీడులో చదివించు.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు, నేనూ పడ్డాను. క్యూ ఫైలంటే చిన్న చీటీ, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి వరుసలోనే బిన్ ఫైలు పేరు రాసి ఉంటుంది. ఎమ్యులేటర్ ఆ చీటీ చదువుకుని బిన్‌ని వెతుక్కుంటూ వెళ్తుంది. నేను చూడ్డానికి బాగుంటుందని బిన్ పేరు మార్చాను, చీటీలో మార్చలేదు. ఇల్లు మారి పోస్ట్‌మన్‌కి చెప్పనట్టన్నమాట. రెండు రాత్రులు ఎమ్యులేటర్ తీసేసి మళ్లీ వేసి, తీసేసి మళ్లీ వేసి, చివరికి చీటీ తెరిచి చూసుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. ఎమ్యులేటర్‌లో తెరవాల్సింది కూడా క్యూనే, బిన్ కాదు. నేరుగా బిన్ తెరిస్తే గేము నడిచినా ఒక్కోసారి పాటలు రావు.

డక్‌స్టేషన్ అనే ఎమ్యులేటర్ బాగుంటుంది కానీ దానికి బయోస్ కావాలి. ప్లేస్టేషన్ స్విచ్ వేయగానే మొదట లేచే ప్రోగ్రాం అది, 512 కేబీ ఫైలు. సోనీ సొత్తు, నెట్‌లో దొరికినంత మాత్రాన మనదైపోదు. ఎవరి మెషీన్ నుంచి వాళ్లు తీసుకోవాలి, నీ మెషీన్ ఏమో పాడైంది. కాబట్టి నువ్వు రెట్రోఆర్క్ (రకరకాల ఎమ్యులేటర్లని ఒకేచోట నడిపే ప్రోగ్రాం) పెట్టుకుని అందులో పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే కోర్ తీసుకో, అక్కడ ఒక్కో ఎమ్యులేటర్‌ని కోర్ అంటారు, దానికి బయోస్ బదులు సొంత ఏర్పాటు ఒకటి లోపలే ఉంది. అన్నీ నడవవు, చాలా గేములు నడుస్తాయి.

ఇంకో మాట. డిస్కులు తిరగేసి చూడు. ఒరిజినల్ ప్లేస్టేషన్ డిస్కు కింది వైపు నల్లగా ఉంటుంది. అప్పట్లో మన సంతల్లో, సీడీ షాపుల్లో తక్కువ రేటుకి దొరికినవి ఎక్కువగా డూప్లికేట్లే, రైటర్‌లో కొట్టిన ఆ సీడీల్లో రంగు పూత ఏళ్లు గడిచేకొద్దీ చెడిపోతుంది. అవి చదవకపోతే ఎమ్యులేటర్ని తిట్టకు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, న్యాయంగా కొనుక్కున్న ప్రోగ్రాం పోకుండా బ్యాకప్ కాపీ చేసుకునే వీలు రాసి ఉంది. డూప్లికేట్‌కి కాపీ తీసి బ్యాకప్ అంటే చెల్లదు మరి.

ప్రశ్న: నమస్తే సార్. రాయగడ నుంచి రాస్తున్నాను. మావారు మస్కట్‌లో పనిచేసినప్పుడు తెచ్చిన ప్లేస్టేషన్ టూ గేముల్ని మా అబ్బాయి పీసీఎస్ఎక్స్2 అనే ఎమ్యులేటర్‌లో పెట్టాడు. బయోస్ మా మెషీన్‌దే. గేము వస్తోంది కానీ మాటలు సాగదీసినట్టు, మనుషులు నీళ్లలో నడిచినట్టు ఉంది. కొత్త ల్యాప్‌టాప్ కావాలని వాడి గొడవ, నాకు టెన్షన్. కొనక తప్పదా?

జవాబు: ఆగండమ్మా, పర్సు అప్పుడే తీయకండి. ముందు ఆ ఎమ్యులేటర్ సెట్టింగుల్లో స్పీడు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ వాడకం తెర మీద చూపించే ఆప్షన్ పెట్టమనండి. స్పీడు 100 శాతం ఉండాలి. అంతకన్నా తగ్గినప్పుడు గ్రాఫిక్స్ అంకె 100 దగ్గర ఉంటే బాబు ఇంటర్నల్ రిజల్యూషన్, అంటే గేము బొమ్మని ఎన్ని చుక్కలతో గీయాలన్న లెక్క, పెంచేసి ఉంటాడు, పిల్లలు మొదట చేసే పని అదే. మూడు రెట్లు పెడితే గీయాల్సిన చుక్కలు తొమ్మిది రెట్లవుతాయి. నేటివ్‌కి, అంటే అసలు మెషీన్ లెక్కకే దించండి, బొమ్మ కాస్త మొద్దుగా కనిపిస్తుంది, అప్పట్లో టీవీలో కనిపించిందీ అంతేగా.

ఈఈ (ప్లేస్టేషన్ టూ ప్రాసెసర్ ఎమోషన్ ఇంజిన్‌కి పొట్టి పేరు) అని రాసి ఉన్న అంకె 100కి చేరుతుంటే ప్రాసెసర్‌కి ఊపిరాడట్లేదని అర్థం. అసలు మెషీన్ ప్రాసెసర్ 300 మెగాహెర్ట్జ్ లోపే, మన ల్యాప్‌టాప్‌లు దానికి పదింతలు, మరి ఎందుకు చెమటలు పడుతున్నాయి అంటారా? ఆ మెషీన్‌లో నాలుగైదు చిప్పులు ఒకేసారి పనిచేస్తాయి, వాటన్నిటి పనినీ మన ప్రాసెసర్ తన భాషలోకి మార్చుకుంటూ అదే లయలో చేయాలి. ఇక్కడ ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌లో కోర్లు, అంటే విడివిడిగా పనిచేసే భాగాలు, ఎన్ని ఉన్నాయన్నదానికంటే ఒక్కో కోర్ ఎంత వేగం అన్నదే ముఖ్యం. షాపులో "ఎనిమిది కోర్లు మేడమ్" అంటే పడిపోకండి.

దీనికి ఖర్చు లేని మందు ఒకటుంది, చార్జర్ పెట్టి ఆడించండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ వేగం తగ్గించుకుంటుంది, మీ దగ్గర వానాకాలంలో కరెంటు సంగతి నాకు తెలుసు, బహుశా వాడు కరెంటు పోయినప్పుడే ఆడుతున్నాడేమో. విండోస్ పవర్ సెట్టింగు కూడా పెర్ఫార్మెన్స్ వైపు పెట్టండి. గల్ఫ్‌లో, మన దగ్గర అమ్మిన డిస్కులు పాల్ అనే టీవీ పద్ధతివి, వాటిలో చాలావాటికి సెకనుకి 50 ఫ్రేములే లెక్క. స్పీడు 100 శాతం ఉండి ఫ్రేములు 50 చూపిస్తే అది జబ్బు కాదు, 60 చేయాలని వాడు సెట్టింగులన్నీ కెలకకుండా చూడండి. ఇవన్నీ చేశాక కూడా 70 శాతం దాటకపోతే అప్పుడు కొత్తదాని గురించి ఆలోచిద్దాం.

ప్రశ్న: జయపురం నుంచి, సార్. ఎమ్యులేటర్‌లో ఎక్కడంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు కదా, ఇక మెమరీ కార్డు సేవ్ ఎందుకు?

జవాబు: రెండూ చేసుకోండి. ఆ ఎక్కడబడితే అక్కడ చేసే సేవ్ స్టేట్ అనేది ఆ క్షణాన ఎమ్యులేటర్ మెమరీకి తీసిన ఫోటో. ఎమ్యులేటర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చాక పాత ఫోటో తెరుచుకోకపోవచ్చు. గేము లోపల చేసిన మెమరీ కార్డు సేవ్‌కి ఆ భయం తక్కువ.

ప్రశ్న: మాది బరంపురం. చిన్నప్పటి టీవీ గేము, కేసెట్లు, బాతుల్ని కాల్చే తుపాకీ అన్నీ దొరికాయి. కొత్త ఎల్ఈడీ టీవీకి పెడితే కేసెట్ నడుస్తోంది, తుపాకీ మాత్రం పేలట్లేదు. ఒక కేసెట్ మీద 9999 గేములని ఉంది, అదైనా నిజమేనా?

జవాబు: రెండోది ముందు చెప్తాను, అబద్ధం. గట్టిగా లెక్కపెడితే కొన్ని గేములే ఉంటాయి, వాటినే పేర్లు మార్చి, వేరే లెవెల్ నుంచి మొదలుపెట్టి మళ్లీ మళ్లీ చూపిస్తారు. చిన్నప్పుడు మేం 9999వ నంబరు దాకా బటన్ నొక్కుకుంటూ వెళ్లాం లెండి.

తుపాకీ చెడిపోలేదు. దానిలోంచి ఏమీ బయటికి రాదు, తెర మీది వెలుగుని అది చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది, ఆ మెరుపు సరిగ్గా అదే క్షణంలో కంటబడితే తగిలినట్టు. పాత డబ్బా టీవీ బొమ్మని ఆలస్యం లేకుండా గీస్తుంది. ఎల్ఈడీ టీవీ బొమ్మని కాసేపు తన దగ్గర ఉంచుకుని చూపిస్తుంది, ఈలోగా తుపాకీ కళ్లు మూసేసుకుంటుంది. కంప్యూటర్‌లో మెసెన్ అనే ఎమ్యులేటర్‌లో రెండో పోర్టుకి జాపర్ (ఆ తుపాకీ పేరే అది) అని పెడితే మౌసే తుపాకీ అవుతుంది, గురి కూడా బాగా కుదురుతుంది. చేత్తో పట్టుకుని కాలిస్తేనే తృప్తి అంటారా, వీధిలో ఎవరింట్లోనైనా డబ్బా టీవీ మూలన పడి ఉందేమో అడగండి, పాత సామాన్ల వాడు రాకముందే.