నల్లబడిన పడక పుండును తీయించడానికి భయపడొద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 64 ఏళ్లు. షుగర్ ఉంది. నిమోనియా ముదిరి, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకడంతో 23 రోజులుగా ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు. బీపీ నిలబడడానికి పెట్టిన మందులు ఆపి నాలుగు రోజులైంది. నడుము కింద అరచేతంత పుండు పడి, మధ్యలో నల్లగా పెచ్చు కట్టింది. ఆ నల్లటి భాగం తీసేయాలని సర్జన్ అంటున్నారు. ఇంత నీరసంలో తట్టుకుంటారా? ఇన్ని యాంటీబయాటిక్స్ ఇస్తున్నా పుండు ఎందుకు మానడం లేదు?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే సర్జన్ చెప్పింది సరైన మాటే. మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఆ నల్లటి పెచ్చులోనే ఉంది.

అది చచ్చిపోయిన కండ. అందులోకి రక్తం వెళ్లదు. రక్తం వెళ్లని చోటికి యాంటీబయాటిక్ కూడా వెళ్లదు. ఇప్పుడు ఇస్తున్న మందులు ఊపిరితిత్తుల కోసం, రక్తంలోని ఇన్ఫెక్షన్ కోసం. పుండును మాన్పడం వాటి పని కాదు. పైగా ఆ పెచ్చు కింద క్రిములు దాక్కుని పెరుగుతాయి. అది ఉన్నంతకాలం కొత్త కండ రాదు, లోపల ఎంత లోతు ఉందో కూడా తెలియదు.

తీయడం అంటే ప్రతిసారీ పెద్ద ఆపరేషన్ కాదు. చాలామందికి మంచం దగ్గరే, ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా తీస్తారు. చచ్చిన కండకు నొప్పి తెలియదు గానీ అంచులకు తెలుస్తుంది, అందుకే ముందు నొప్పి మందు ఇస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లు ఐసీయూలో మామూలే. కాబట్టి ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్షలు చూశారా అని అడగండి. బీపీ మందులు ఆగాయి కాబట్టి ఇది అనువైన సమయమే. ఒకటి ముందే చెప్పాలి: శుభ్రం చేశాక పుండు ఇంతకుముందు కంటే పెద్దగా, గుంటలా కనిపిస్తుంది. చూసి కంగారు పడకండి. ఆ గుంట మొదటి నుంచీ ఉంది, పెచ్చు దాన్ని కప్పి ఉంచింది, అంతే. లోపల ఎర్రగా, తడిగా, గింజల్లాంటి కండ కనిపించడం మొదలైతే మానుతున్నట్టే. ఆ దశలో గుంట లోతుగా ఉంటే వ్యాక్ డ్రెస్సింగ్ పెట్టొచ్చు. స్పాంజి పెట్టి, పైన ప్లాస్టిక్ పొర అతికించి, మెషీన్‌తో చెడు నీరు లాగేస్తారు. నల్లటి కండ ఉండగా అది పెట్టకూడదు.

అసలు ఈ పుండు ఎందుకు పడింది? మనం నిద్రలో కూడా తెలియకుండా అటూ ఇటూ దొర్లుతాం. మత్తులో ఉన్న మనిషి దొర్లలేరు. ఎముకకీ పరుపుకీ మధ్య కండ నలిగి రక్తం ఆగిపోతుంది. దానికి తోడు, బీపీ నిలబెట్టే మందులు గుండెకూ మెదడుకూ రక్తం అందించడానికి చర్మంలోని సన్నటి రక్తనాళాలను బిగిస్తాయి. ప్రాణం నిలబెట్టిన మందులే అవి. అందుకే ఎంత బాగా చూసుకున్నా కొందరికి ఈ పుండ్లు పడతాయి. ఎవరి తప్పని వెతుక్కుంటూ కుమిలిపోకండి.

కానీ ఇక నుంచి ఆ చోట బరువు పడకూడదు. ఎంత ఖరీదైన ఆయింట్‌మెంట్ రాసినా, బరువు తీయకపోతే పుండు మానదు. ఎయిర్ బెడ్ వేశారు కదా అని తిప్పడం మానకూడదు. రెండు గంటలకోసారి, ఊపిరి నిలకడగా ఉన్నంతవరకు, పక్క మార్చాలి. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద ఇంకో పుండు పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చితే చాలు. వాల్చాక నర్సు నడుము కిందికి అరచెయ్యి పోనిచ్చి చూడాలి. చెయ్యి సులువుగా దూరితే అక్కడ బరువు లేనట్టు. జరిపేటప్పుడు లాగకుండా, కింది దుప్పటిని ఇద్దరు పట్టుకుని ఎత్తి జరపాలి.

తిండి సంగతి ఇళ్లలో తక్కువ అంచనా వేస్తారు. ముక్కు గొట్టం ద్వారా పోయమని చాలామంది గంజి, రాగి జావ తెస్తుంటారు. వాటిలో ప్రొటీన్ చాలా తక్కువ. ఇలాంటి పుండు ఉన్నవారికి కిలో బరువుకి రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 75 నుంచి 90 గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. రోజుకు ఎంత ప్రొటీన్ వెళ్తోందో డైటీషియన్‌ని లెక్క చెప్పమనండి. కిడ్నీ సమస్య ఉంటే ఆ లెక్క డాక్టరే వేయాలి. షుగర్ 140 నుంచి 180 మధ్య ఉంటే ఐసీయూలో సాధారణంగా సరిపోతుంది.

పసుపు, బూడిద, టాబ్లెట్ పొడి లాంటివి పుండులో చల్లమని ఎవరు చెప్పినా వద్దు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో రోజూ కడిగితే కొత్తగా వస్తున్న కండ కూడా కాలిపోతుంది, సెలైన్ చాలు. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి దిండ్లు పెట్టొద్దు, అవి చుట్టూ నొక్కి రక్తాన్ని ఇంకా ఆపేస్తాయి.

పుండు చుట్టూ ఎరుపు త్వరత్వరగా పాకుతున్నా, దుర్వాసనతో చీము వస్తున్నా, చర్మం నొక్కితే కింద గాలి ఉన్నట్టు కరకరలాడినా, బీపీ మళ్లీ పడిపోతున్నా సర్జన్‌కి వెంటనే చెప్పాలి. అప్పుడు రేపటిదాకా ఆగడానికి లేదు.

మానడానికి వారాలు కాదు, నెలలు పట్టొచ్చు. ఆయన వెంటిలేటర్ నుంచి బయటపడి, తిండి వంటబట్టాక, అవసరమైతే పక్కనున్న కండను జరిపి మూసే సర్జరీ గురించి మాట్లాడుకోవచ్చు. ఈలోగా, ఈరోజు లోపలికి పంపినప్పుడు దుప్పటి ఎత్తి మడమలు కూడా చూడండి. రంగు మారి ఉన్నా, పక్క చర్మం కంటే వేడిగానో గట్టిగానో తగిలినా నర్సుకు చూపించి, పిక్కల కింద దిండు పెట్టించండి. మడమలు పరుపుకి తగలకుండా గాలిలో ఉండాలి.