పాతబస్తీలో ఇల్లు సర్దుకుంటున్న నీకు

నాయనా,

కర్నూలు పాతబస్తీ సందులో పన్నెండడుగుల వెడల్పు ఇల్లు కొన్నావని మీ అమ్మ చెప్పగానే సంతోషంతో కళ్ళు చెమర్చాయి. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అక్కడికి హంద్రీ నది ఎంత దూరమో నాకు తెలుసు.

గోడలకు మీగడ రంగు, ఇల్లంతా ఒకటే వేయించు. సామాను ఒక గోడవైపే పెట్టు, రెండోవైపు మనుషులు తిరగాలి. బేతంచర్ల బండలు పీకి టైల్స్ వేయొద్దు, పాలిష్ పట్టిస్తే చాలు. పడసాల పైకప్పులో వెలుగు కోసం వదిలిన గవాక్షిని ఫాల్స్ సీలింగ్‌తో మూసేస్తానన్నావంట. ఆ మాట ఇంకోసారి నా చెవిన పడకూడదు! రెండు పక్కలా వేరేవాళ్ళ గోడలే ఉన్న ఇంటికి వెలుగు పైనుంచే రావాలి. దానికి అద్దం బిగించుకో.

నేను చేసిన తప్పు నువ్వు చేయొద్దు. 2008లో ఇల్లు కొత్తగా చేయించుకుంటూ మా అత్తగారి టేకు బీరువా అమ్మేశాను. ఇత్తడి గొళ్ళెం, తెరిస్తే కర్పూరం వాసన. ఇరుకింట్లో దారికి అడ్డమని నా బాధ. దాని బదులు గోడ పొడవునా పార్టికల్ బోర్డు షోకేసులు కొట్టించి, వచ్చినవాళ్ళందరికీ చూపించాను. బీరువా కాళ్ళు ఆనినచోట బండమీద నాలుగు తెల్లటి మచ్చలు మిగిలాయి. మా అత్త ఇల్లు తుడిచేటప్పుడు అక్కడికొచ్చి కాసేపు ఆగేది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్ళోకొచ్చాయి. మిద్దె మీదున్నాం కాబట్టి బతికాం. నీళ్ళు తీశాక కిందికి దిగితే మోకాటి లోతు బురద. షోకేసు తలుపు పట్టుకుంటే టీలో నానిన రస్కులా చేతిలోకి ఊడొచ్చింది. మా బీరువా కొన్నవాళ్ళది రెండు వీధుల అవతలే. అదీ మునిగింది. బురద కడిగి, నీడన నెలరోజులు ఆరబెట్టి, ఉబ్బిన తలుపును వడ్రంగి చేత చిత్రిక పట్టించారు. మళ్ళీ చక్కగా మూసుకుంది. మా అత్త వెళ్ళి దాన్ని తడిమి చూసుకుని వచ్చింది. నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది నాయనా.

అందుకే స్విచ్‌బోర్డులు, ప్లగ్గులు నడుము ఎత్తుకు పైనే పెట్టించు. కొయ్య సామాను కొంటే పాతదే కొను, తక్కువ కొను. నీ పెళ్ళాం పుస్తకాలు పై అరల్లోనే ఉండాలి.

మీ తాత కూర్చునే టేకు బల్ల నా దగ్గరే ఉంది. గవాక్షి కింద వేస్తే పొద్దెక్కాక ఎండ దానిమీద పడుతుంది. మీ వీధి తలుపు వెడల్పు కొలిచి రాయి, ఆటోలో పంపిస్తాను.

మీ పెద్దమ్మ